‘సాయంత్రం రండి’ అన్న 47 సెకన్ల ఫోన్: రాజాంలో మా క్లినిక్ కేసు

ఈ కేసు రాయాలా వద్దా అని చాలా రోజులు నానబెట్టాను. తప్పు మా క్లినిక్‌ది, ఫోన్ మా టేబుల్ మీదిది, ఫోన్ ఎత్తిన అమ్మాయికి ఏం అడగాలో నేర్పనిది నేను. పేషెంటు సంతకవిటి మండలం వైపు ఒక ఊరి ఆవిడ, అరవైకి కాస్త అటూ ఇటూ, పదేళ్లుగా సుగర్. ఇంట్లోవాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

మాది రాజాంలో చిన్న క్లినిక్. నేను, ఒక నర్సు, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి, ఒక ఈసీజీ మిషను, వెనక గదిలో రెండు మంచాలు, అంతే. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాం, తర్వాత విజయనగరం జిల్లాలోకి వచ్చాం. పెద్ద జబ్బు అంటే రెండూ కాదు, విశాఖపట్నమే. ఆ దారి వంద కిలోమీటర్ల పైమాట, అందుకే ఎవర్ని ఎప్పుడు బండెక్కించాలి అన్నది మా వైపు డాక్టర్‌కి మందుల కంటే ముందు రావాల్సిన విద్య.

ఆ రోజు మధ్యాహ్నం 1:40కి ఫోన్ వచ్చింది. నేను భోజనానికి ఇంటికెళ్లాను. క్లినిక్ ఫోన్‌లో కాల్స్ వాటంతట అవే రికార్డయ్యేలా ఎప్పుడో పెట్టి మర్చిపోయాం, కాబట్టి ఏం జరిగిందో మాటకి మాట నా దగ్గర ఉంది.

"హలో, డాక్టరు గారి క్లినిక్కేనాండి?"

"అవునండి, చెప్పండి."

"మా అమ్మకి బాగోలేదండి. పొద్దుట్నించి గ్యాస్ పట్టేసినట్టుంది, రెండుసార్లు వాంతయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేశారు, తగ్గలేదండి."

"సార్ లేరండి, భోజనానికెళ్లారు."

"ఎప్పుడొస్తారండి? ఒళ్లంతా చెమట్లు పడతన్నాయంట..."

"ఆరింటికి వస్తారండి. సాయంత్రం రండి. పేరు చెప్పండి, టోకెన్ రాస్తాను."

మొత్తం 47 సెకన్లు. పేరు చెప్పాడు, ఈ అమ్మాయి టోకెన్ రాసింది, మర్యాదగా ఫోన్ పెట్టేసింది. ఆవిణ్ణి ఆరుంపావుకి ఆటోలో తీసుకొచ్చారు. మొహం బూడిద రంగులో ఉంది, చెయ్యి పట్టుకుంటే చల్లగా తడిగా ఉంది, నొప్పి ఎక్కడమ్మా అంటే బొడ్డు పైన చెయ్యి పెట్టింది, ఛాతీ మీద కాదు. ఈసీజీలో 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ లేచి ఉంది, అంటే గుండె కింది గోడకి వచ్చిన పోటు. ఆస్పిరిన్ నమిలించి, తక్కిన మందులు వేసి, 108 పిలిచి విశాఖ పంపించాం. బతికింది. కానీ గుండె కొట్టుకునే బలం తగ్గిపోయింది, ఇప్పుడు నీళ్లబిందె ఎత్తలేదు, మెట్టు ఎక్కితే ఆగాలి. 1:40 నుంచి 6:15 వరకు పోయిన నాలుగున్నర గంటల్లో ఎంత కండ పోయిందో నేను కొలిచి చెప్పలేను గానీ, రక్తనాళం మూసుకున్న గుండెకి గంట గంటకీ కండ చచ్చిపోతుందని మెడికల్ కాలేజీలో మొదటే చెబుతారు.

ఆ రాత్రి రికార్డింగ్ విన్నాను. మొదటిసారి విన్నప్పుడు కోపం ఆ అమ్మాయి మీద. రెండోసారి వింటే 31వ సెకను దగ్గర "చెమట్లు" అన్న మాట వినిపించింది, ఆ వెంటనే ఈ అమ్మాయి "ఆరింటికి" అంటోంది. మూడోసారి విన్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ పిల్లకి మేం నేర్పింది టోకెన్ రాయడం, అదే చేసింది, బాగా చేసింది. సుగర్ ఉందా అని అడగమని ఎవరు చెప్పారు? ఇంకోటి, "పడతన్నాయంట" అన్నాడు చూడండి, ఆ ‘అంట’లో మొత్తం కేసు ఉంది. కొడుకు అమ్మ పక్కన లేడు. కూకట్‌పల్లిలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఊళ్లో వాళ్ల అప్ప, అంటే అక్క, ఫోన్ చేసి చెబితే, ఇతను అక్కణ్ణించి మాకు చేశాడు. మా జిల్లాల్లో సగం ఇళ్లకి ఫోన్ ఇలాగే తిరుగుతుంది. ముసలివాళ్లు ఇక్కడ, పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో, డాక్టర్ నంబరు పిల్లల ఫోన్‌లో ఉంటుంది.

టెలిఫోన్ ట్రయాజ్ అని దీనికి పేరు. ఎవర్ని ఇప్పుడే చూడాలి, ఎవరు సాయంత్రం దాకా ఆగగలరు, ఎవరికి ఇంట్లో మజ్జిగ తాగితే సరిపోతుంది అని ఫోన్ మీదే వడగట్టడం. ప్రతి ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో ఇది రోజూ జరుగుతోంది, చేసేది రిసెప్షన్‌లో నెల జీతానికి కూర్చున్న పిల్ల, సాధనం ఆమె చేతిలోని బాల్ పెన్ను. ఇదే పనికి ప్రశ్నలు వరుసగా చూపించే సాఫ్ట్‌వేర్లు, వాటి వెనక ఏళ్ల తరబడి సరిదిద్దిన ప్రశ్నావళులు ప్రపంచంలో ఉన్నాయి. అమెరికాలో నర్సుల కాల్ సెంటర్లు ష్మిట్-థామ్సన్ ప్రశ్నావళులు వాడతాయి. ఇంగ్లండ్‌లో 111కి ఫోన్ చేస్తే ఎత్తేది డాక్టర్ కాదు, నర్సు కూడా కాదు, శిక్షణ పొందిన మామూలు ఉద్యోగి. తెర మీద వచ్చిన ప్రశ్న చదివి, జవాబు నొక్కి, తర్వాత ప్రశ్నకి వెళతారు. ఆ సాఫ్ట్‌వేర్ అక్కడ ప్రభుత్వానిదే.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 వచ్చింది 2005 ఆగస్టు 15న. 2007లో 104 వచ్చింది, అది బండి కాదు, ముందు ఫోన్ నంబరే. హైదరాబాద్‌లో హెడ్‌సెట్ పెట్టుకున్న పారామెడికల్ సిబ్బంది కంప్యూటర్ చూపించిన ప్రశ్నలు తెలుగులో అడుగుతూ, అవసరమైతే డాక్టర్‌కి కలిపేవారు. తర్వాత 104 అంటే జనానికి ఊళ్లోకి వచ్చే తెల్ల బండి అయిపోయింది, కోవిడ్‌లో మళ్లీ ఫోన్ నంబరుగా గుర్తొచ్చింది. నేను చెప్పేదేమిటంటే, తెలుగులో ఫోన్ మీద జబ్బు వడగట్టే విద్య ఈ రాష్ట్రానికి కొత్త కాదు. అది నా టేబుల్ దాకా రాలేదు, అంతే.

ఎందుకు రాలేదో కనుక్కుందామని ఆ నెలంతా ఫోన్లు చేశాను. ఒక కంపెనీ అతను వీడియోలో డెమో ఇచ్చాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ధర అడిగితే "మీది ఎన్ని బెడ్లు సార్?" అన్నాడు. రెండు అన్నాను. అతను నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకున్నాడని తెలిసిపోయింది. చిన్న క్లినిక్‌లకు ఇవ్వరట, కనీసం ఇన్ని లైసెన్సులు కొనాలట. ఇంకోచోట ఒక పెద్ద ఆసుపత్రివాళ్లు ఫ్రీగా ఇస్తామన్నారు, కాకపోతే మా ఫోన్ వాళ్ల కాల్ సెంటర్‌కి తిప్పాలి, తెర మీద ఎరుపు రంగు, అంటే అర్జెంటు అని, వచ్చిన ప్రతి పేషెంటూ వాళ్ల ఆసుపత్రికే వెళ్లాలి. అంటే నా పేషెంటుకి దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందన్నది ప్రశ్నే కాదు. వద్దన్నాను. మూడోది విదేశీ ప్రశ్నావళి, ఇంగ్లీషు. మా రిసెప్షన్ అమ్మాయి ఇంటర్ తెలుగు మీడియం. ఆ పిల్ల ఇంగ్లీషు ప్రశ్న చదివి, లోపల అనువాదం చేసుకుని, అవతల కంగారుపడుతున్న మనిషిని అడిగి, మళ్లీ జవాబుని ఇంగ్లీషులోకి మార్చి నొక్కాలి, ఈలోపు అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తారు.

ప్రభుత్వం వైపు చూస్తే ఈ-సంజీవని ఉంది. 2019 నవంబరులో డాక్టర్‌కి డాక్టర్ కలిపే ఆ సేవని మొదట అమలుచేసింది మన ఆంధ్రప్రదేశే. పల్లెలో హెల్త్ క్లినిక్ నుంచి పెద్దాసుపత్రి డాక్టర్‌తో మాట్లాడించడానికి అది బాగా పనికొస్తుంది, కానీ అది సర్కారు డాక్టర్ల అల్లిక, రాజాంలో బోర్డు పెట్టుకున్న ప్రైవేటు డాక్టర్‌కి అందులో కుర్చీ లేదు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ‘ఫ్యామిలీ డాక్టర్’ పథకం కూడా పీహెచ్‌సీ డాక్టర్లు నెలకి రెండుసార్లు ఊరికి వెళ్లడం గురించి. నేనూ ఫ్యామిలీ డాక్టర్‌నే కదా అని ఎవరితోనో అంటే, "మీరు పథకంలో లేరు సార్" అన్నారు. నిజమే మరి.

రూల్స్ సంగతి కూడా చూశాను. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. రిజిస్టర్డ్ డాక్టర్‌ని అందులో పొట్టిగా ఆర్‌ఎంపీ అన్నారు. మా వైపు ఆర్‌ఎంపీ అంటే సైకిల్ మీద సంచీతో వచ్చే మనిషి కాబట్టి మొదటి పేజీ చదువుతున్నంతసేపూ నాకు మా సంతకవిటి ఆర్‌ఎంపీ గారే కనిపించారు. ఫోన్ మీద ఏ మందు రాయొచ్చు, ఏది రాయకూడదు, ఎమర్జెన్సీ అనిపిస్తే ప్రథమ చికిత్స చెప్పి నేరుగా చూపించుకోమని పంపాలి, రికార్డు ఉంచాలి, కంప్యూటర్ తనంతట తను మందు రాయకూడదు, డాక్టర్‌కి సాయం మాత్రం చేయొచ్చు, ఇవన్నీ స్పష్టంగా ఉన్నాయి. డాక్టర్ దాకా ఫోన్ రాకముందు జరిగే ఆ 47 సెకన్ల గురించి మాత్రం అందులో నాకు పనికొచ్చేది దొరకలేదు.

సరే, మనమే రాసుకుందాం అనుకున్నాం. పెళ్లికార్డుల దుకాణం నుంచి దళసరి అట్ట తెచ్చి, నర్సు, నేను, ఆ అమ్మాయి ముగ్గురం ఆదివారాలు కూర్చున్నాం. కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. పిల్లల భాగమైతే ఆశా కార్యకర్తలకి, అంగన్‌వాడీ టీచర్లకి ఎప్పట్నించో నేర్పుతున్నదే: తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం. ఊపిరి లెక్క కూడా అంతే, రెండు నెలల లోపు పిల్లకి నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, ఆ అంకె చేరినా దాటినా ఆగకూడదు. ఊళ్లో ఆశా దగ్గర ఉన్న కార్డు నా క్లినిక్ ఫోన్ పక్కన లేదు, నేనేమో గోడకి ఎంబీబీఎస్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకున్నాను.

కష్టమంతా మాటల దగ్గర వచ్చింది. "ఆయాసం ఉందా?" అని మొదట రాశాం. మా వైపు ఆయాసం అంటే ఊపిరి అందకపోవడమూ అదే, పొలం నుంచి వచ్చి అలిసిపోవడమూ అదే. అడిగిన ప్రతివాళ్లూ ఉందనే అన్నారు. దాన్ని కొట్టేసి "మంచం మీంచి వాకిట్లోకి వచ్చినా ఊపిరి సలపడం లేదా?" అని మార్చాం. దానికంటే మంచిది నర్సు చెప్పింది: "ఫోన్ ఆయనకే ఇవ్వమనండి సార్, రెండు మాటలకోసారి ఆగుతున్నాడో లేదో మనమే వింటాం కదా." అలాగే "స్పృహలో ఉన్నారా?" అంటే కళ్లు తెరిచి ఉంటే చాలు, ఆఁ ఉన్నాడనేవారు. ఇప్పుడు "మిమ్మల్ని గుర్తుపడుతున్నాడా, ఎప్పుడూ మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడా?" అని అడుగుతున్నాం. పక్షవాతానికి కూడా ఇదే పనికొస్తుంది, నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, అంతే. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు, అందులో సగం దారికే పోతుంది.

గ్యాస్ గురించి ఒక లైను ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాం: ‘ఆ మాట మనం అనకూడదు’. వాళ్లు అనొచ్చు. ముప్పై దాటిన ఎవరికైనా బొడ్డుకీ దవడకీ మధ్య ఎక్కడ నొప్పి ఉన్నా, దాంతో చెమటగానీ వాంతిగానీ ఉంటే, సుగర్ ఉంటే నొప్పి లేకపోయినా సరే, సాయంత్రం అనే మాట ఆ అట్ట మీద లేదు. అమ్మాయి ఫోన్ నాకు ఇస్తుంది, నేను దొరక్కపోతే 108.

అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో: "మీరు పేషెంటు పక్కనే ఉన్నారా?" లేరంటే రెండో ప్రశ్న అడగం. పక్కనున్నవాళ్ల నంబరు తీసుకుని మేమే చేస్తాం, లేదా కాన్ఫరెన్స్ కలపమంటాం. పైదేశాల ప్రశ్నావళుల్లో ఫోన్ చేసిన మనిషి పక్కగదిలో పేషెంటు ఉన్నట్టే సాగుతుంది, పాపం వాళ్లకి కూకట్‌పల్లి తెలీదు.

ఇంకో కేసు చెప్పాలి. ఆగస్టు, నాట్ల రోజులు. పొద్దున్న ఏడున్నరకి క్లినిక్ ఊడుస్తున్న టైములో రేగిడి వైపు నుంచి ఫోన్. మొగుడికి తెల్లారుజాము నుంచి కడుపులో నొప్పి అంటోంది పెళ్లాం. జొరం లేదు, విరేచనం లేదు. మా అట్టలో కడుపునొప్పి కింద ఒక ప్రశ్న ఉంది, అది రాసేటప్పుడు ఆ అమ్మాయి నవ్వింది కూడా: "రాత్రి ఎక్కడ పడుకున్నాడు?"

"అరుగు మీదమ్మా, చాపేసుకుని."

"కళ్లు పూర్తిగా తెరుస్తున్నాడా?"

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "సగమే తెరుస్తన్నాడమ్మా. నిద్దరమొకం అనుకున్నాం."

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. కాటు దగ్గర వాపు ఉండదు, నొప్పి ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, ఆ తర్వాత మింగలేకపోవడం, ఆ తర్వాత ఊపిరి. నాకు ఫోన్ కలిపింది, నేను 108 చెప్పాను, దగ్గర్లో విషం విరుగుడు ఇంజెక్షన్ ఉన్న సర్కారు ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి చెప్పాం, అక్కణ్ణించి వెంటిలేటర్ ఉన్న చోటుకి పంపారు. వారం తర్వాత నడుచుకుంటూ వచ్చాడు, చేతిలో గుమ్మడికాయతో. ఒళ్లంతా వెతికినా కాటు కనపడలేదని వాళ్ల ఊళ్లో ఇంకా దిష్టి తగిలిందనే అనుకుంటున్నారట. కడుపునొప్పి అంటే నేల మీద పడుకున్నావా అని అడగాలని లండన్ సాఫ్ట్‌వేర్‌కి తోచదు, తోచాల్సిన అవసరమూ లేదు. చిన్న క్లినిక్‌కీ పెద్ద ఆసుపత్రితో సమాన అవకాశం అంటే లైసెన్స్ ధర తగ్గించడం ఒక్కటేనని మొదట్లో నేనూ అనుకున్నాను, ఈ కేసుతో ఆ ఊహ పోయింది. ప్రశ్నని మార్చుకునే హక్కు లేకపోతే ఫ్రీగా ఇచ్చినా దండగే.

ఒక్క కట్లపాము దొరికింది కదా అని అట్ట గొప్పదని చెప్పుకోను. ఇన్ని కేసుల్లో ఇంత శాతం అని లెక్క కట్టి ఇక్కడ పెట్టడం కూడా ఇష్టం లేదు. ఒక క్లినిక్, ఒక నోట్‌బుక్, రాసేది మేమే, దిద్దేది మేమే, అందులోంచి శాతాలు తీస్తే మనల్ని మనం మోసం చేసుకోవడమే. బెడిసికొట్టినవి చెబుతాను. జ్యూట్ మిల్లులో పనిచేసే ఒకాయన ఛాతీ నొప్పి అంటే 108 ఎక్కించి పంపాం, అక్కడ అన్నీ చూసి కండరం పట్టేసిందన్నారు. రెండు రోజుల కూలి పోయింది, తిరుగు ఛార్జీలు, తోడెళ్లిన బావమరిది కూలి. తర్వాత వచ్చి "మీ అమ్మాయి ఫోన్‌లో భయపెట్టేసింది సార్" అన్నాడు. జాగ్రత్తకి కూడా ఖరీదుంది, దాన్ని కట్టేది రోజుకూలీ మనిషి. ఆ ప్రశ్నని సడలించలేదు. కానీ ఇప్పుడు అలాంటివాళ్లని, నేను క్లినిక్‌లో ఉన్న టైమైతే, పావుగంటలో రాగలిగితే, ముందు మా ఈసీజీ కిందకి రమ్మంటున్నాం.

పని తగ్గుతుందని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. ఇంగ్లండ్‌లో ఎస్టీమ్ అని ఒక పెద్ద పరిశోధన చేశారు, 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 42 క్లినిక్‌లు, 20 వేల పైచిలుకు పేషెంట్లు. అదే రోజు చూడమని అడిగినవాళ్లకి డాక్టర్ ఫోన్ చేసి వడగడితే, తర్వాతి 28 రోజుల్లో క్లినిక్‌తో సంప్రదింపులు మామూలు పద్ధతి కంటే 33 శాతం పెరిగాయి, నర్సు చేస్తే 48 శాతం. ఖర్చు మాత్రం దాదాపు అంతే. ఫోన్ పనిని తగ్గించదు, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరుపుతుంది. మా దగ్గరా అదే అయింది. ఇదివరకు నిమిషం పట్టని కాల్ ఇప్పుడు మూడు నాలుగు నిమిషాలు, ఈలోపు ఎదురుగా నిలబడ్డవాళ్లు టోకెన్ కోసం టేబుల్ కొడుతుంటారు. ఫోన్ సలహాకి ఫీజు అడిగితే "మాటకి కూడా డబ్బులాండి?" అంటారు, అడగడం మానేశాను. ఆ అమ్మాయికి జీతం పెంచాను, రెండో ఫోన్ పెట్టాను, అది నా జేబులోంచే. పెద్ద ఆసుపత్రికి ఈ ఖర్చు పేషెంట్లని లాగే దారి, చిన్న క్లినిక్‌కి ఇది నికరంగా నష్టం. ఈ తేడా ఎవరూ మాట్లాడరు.

అట్టని ఫొటో తీసి తెలిసిన డాక్టర్లకి వాట్సాప్‌లో పంపాను. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు ప్రాక్టీసు చేసే మిత్రుడు వెంటనే ఒక ప్రశ్న కలిపాడు: ఏ నొప్పికైనా మాత్ర చెప్పేముందు ‘క్రియాటినిన్ ఎంత ఉంది?’ అని, అంటే కిడ్నీ పరీక్షలో వచ్చిన అంకె. అక్కడ ఆ మాట చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు, అంకెతో సహా చెబుతుంది. మనం ఫోన్‌లో అలవాటుగా చెప్పే నొప్పి మాత్రలు అక్కడి కిడ్నీలకి ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు.

సీతంపేట ఏజెన్సీలో పనిచేసిన ఇంకో డాక్టరమ్మ మాత్రం నన్ను నేల మీదకి దించింది. "మీ అట్ట బాగుంది సార్, కానీ మా కొండ మీద సిగ్నల్ రావాలంటే గట్టు ఎక్కాలి, ఎక్కి మాట్లాడేవాడు పేషెంటుని వదిలేసి ఎక్కాలి. పైగా మావాళ్లది సవర భాష." నా మొదటి ప్రశ్నే అక్కడ కూలిపోయింది, పేషెంటు పక్కనే ఉన్నవాడికి సిగ్నల్ ఉండదు. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని నిఘంటువు కట్టిన నేల ఇది, వ్యావహారిక తెలుగు కోసం జీవితమంతా కొట్లాడిందీ ఆయనే. ఆయన పుట్టిన ప్రాంతంలో కూర్చుని ‘ఊపిరి సలపడం లేదా’ అని రాసుకుని మురిసిపోతున్నాను గానీ, నాకు ఆ ఇంగ్లీషు తెర ఎంత దూరమో, సవరవాళ్లకి నా తెలుగు అట్ట అంతే దూరం. అక్కడ ఆశా కార్యకర్త చేతిలో కార్డు పెట్టి, డోలీ కట్టాలా వద్దా అన్నది ఆమే తేల్చేలా చేయడం తప్ప ఫోన్‌తో అయ్యే పని కాదని ఆ డాక్టరమ్మ అభిప్రాయం. నాకూ అదే అనిపిస్తోంది.

నాకేం కావాలో చెబుతాను. 104 కోసం ప్రజల డబ్బుతో తయారైన ప్రశ్నావళులు ఏ ఫ్యామిలీ డాక్టర్ అడిగినా ఇవ్వాలి, తెలుగులో, మాకు తగ్గట్టు మార్చుకునే వీలుతో. ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఫలానా ఆసుపత్రికే పంపాలనే మెలిక పెట్టకూడదు, పేషెంటుకి దగ్గరున్న చోటే మొదట కనిపించాలి. కాల్ రికార్డు క్లినిక్‌ది, పేషెంటుది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక రికార్డు చేస్తున్నామని ముందే చెప్పడం మేమూ మొదలుపెట్టాం, కొందరు దానికే ఫోన్ పెట్టేస్తారు, పెట్టనీ. బటన్ ఫోన్‌తో పనిచేయాలి, యాప్ దించుకోమంటే అరవై ఏళ్ల మనిషి దించుకోదు. ఎంతమంది రిసెప్షన్ పిల్లలకి ఎవరు నేర్పుతారు అన్నది అన్నిటికంటే పెద్ద చిక్కు. డాక్టర్ల సంఘం ఐఎంఏ బ్రాంచి మీటింగులో చెప్పి చూశాను, అందరూ తలూపారు, భోజనాల దగ్గర మళ్లీ జీఎస్టీ గురించే మాట్లాడుకున్నారు.

మొదటి కేసులో ఆవిడకి మూడు నెలలకోసారి చెకప్. ఆ అమ్మాయి ఇప్పటికీ ఆవిడ టోకెన్ ముందు రాస్తుంది, ఎందుకో ఇద్దరం అనుకోలేదు. జరిగిందంతా ఇంట్లోవాళ్లకి నేనే చెప్పాను, రికార్డింగ్ కూడా వినిపించాను. కొడుకు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేనే అప్ప నంబరు ఇవ్వాల్సింది సార్" అన్నాడు, తప్పు తన మీద వేసుకుని. కాదని చెప్పాను, విన్నాడో లేదో.

మొన్న సంక్రాంతి ముందు కూకట్‌పల్లి నుంచి అదే నంబరు. అమ్మాయి స్పీకర్ పెట్టింది. హలో అనకముందే అతనే మొదలుపెట్టాడు: "నేను అమ్మ పక్కన లేనండి. అప్ప ఉంది, లైన్లో కలుపుతున్నాను, ఆగండి." గడగడమంటూ ఏదో చప్పుడు, తర్వాత కోడికూత, తర్వాత వాళ్ల అప్ప గొంతు. కాళ్లు వాచాయట. అమ్మాయి అట్టని దగ్గరికి లాక్కుని, "ఫోన్ అమ్మకివ్వండి" అంది.